నేల మీద కొలిచిన వెలుగు

నూకాలమ్మ తన భర్త ముంజేతిని చేపల కత్తితో నరికిన క్షణాన నీలరేవు వేలం షెడ్డులో ఒక్క అంగుళం కూడా చీకటిగా లేదు. ఈ సంగతి మొదటే చెప్పుకోవడం న్యాయం. చీకటిలో జరిగే ఘోరాలకు మానవజాతి ఏనాడో అలవాటు పడింది. వాటికి కారణం వెతికే శ్రమ ఎవరూ తీసుకోరు. ఇది మాత్రం, మనిషి ఇంతవరకు సృష్టించిన వెలుగులన్నిటిలోకీ దోషరహితమైనదని ధ్రువపత్రం పొందిన వెలుగులో జరిగింది.

ఉదయపు వేలం జోరుగా సాగుతున్నది. పాటగాళ్ళ కేకలలో పక్కవాడి మాట పక్కవాడికి వినిపించని సమయం. వంజరం చేప తల కోస్తున్న నూకాలమ్మ ఎదుట ఆమె భర్త దానయ్య వచ్చి నిలబడి, కత్తి ఇమ్మని చెయ్యి చాచాడు. పెళ్ళయిన నాటి నుంచి అతడు రోజూ చేసే పనే అది. ఆమె తలెత్తి చూసింది. చూసిన మరుక్షణమే కత్తి దిగింది. అతడు కూలబడ్డాక కూడా ఆమె ఆగలేదు. భుజం మీద ఒకటి, మెడ పక్కన ఒకటి వేసింది. అడ్డుపడిన ఐసు కూలీ ఒకడు ఆమెను వెనక్కి లాగి, ఆమె ముఖంలోకి చూసి, హఠాత్తుగా కేక పెట్టి, ఆమెను నేలకు కొట్టి కాళ్ళతో తొక్కనారంభించాడు. అతణ్ణి ఆపడానికి మరి నలుగురు అవసరమయ్యారు. ఆ నలుగురిలో ఇద్దరు ఒకరి గొంతు ఒకరు పట్టుకున్నారు. దానయ్య నెత్తురు ఆ తెల్లని నేల మీద నీడ అన్నది లేకుండా పరచుకున్నది.

ఆ షెడ్డులో దీపాలు లేవు; షట్టర్లు దించితే బయటి ఎండ కూడా రాదు. గోడలు, కప్పు, స్తంభాలు, గట్టి గాజు పలకల కింద నేల కూడా ‘సమప్రభ’ అనే పూతతో వెలుగుతాయి. స్విచ్చి వేస్తే వెలుగు అన్ని దిక్కుల నుంచీ సమానంగా పుడుతుంది. అందువల్ల ఏ వస్తువుకూ నీడ పడదు. పాత దీపాల కాలంలో తమ నీడలో తామే వేళ్ళు కోసుకున్న ఆడవాళ్ళు, కనిపించని తడి మీద జారి నడుములు విరిగిన కూలీలు రేవులో కోకొల్లలు. సమప్రభ వచ్చిన తరువాత అటువంటి ప్రమాదం ఒక్కటీ లేదు. దానికి బదులు కత్తిపోట్లు మొదలయ్యాయి. నూకాలమ్మది మూడవది.

ఆ వెలుగును పరీక్షించి ధ్రువపత్రంపై సంతకం చేసినవాడు దీప భద్రతా మండలి ప్రధాన పరీక్షకుడు మైలపల్లి భానోజీరావు. ఆ పూతను కనిపెట్టినది ఆయన కూతురు ఇందుమతి.

*

ఆసుపత్రి మంచం మీద, ఒక చేతికి పోలీసుల సంకెలతో, వాచిన ముఖంతో నూకాలమ్మ పడుకుని ఉన్నది. భానోజీరావు పుట్టుకతో రేవువాడే. చదువుకుని ఇంజనీరైనా, రేవు జనానికి ఆయన ఇంకా ‘ఎల్లాజీ అన్నయ్య’. తమ్ముడు ఎల్లాజీ అదే షెడ్డులో పెద్ద పాటగాడు.

“ఏటైందమ్మా నూకాలూ?” అని ఆయన అడిగాడు. ఆ మంచం పక్కన ఆయనకు తెలియకుండానే పాత భాష నోటికి వచ్చింది.

“నా మొగుడు ఎలగున్నాడు బావూ? నానొచ్చి సూత్తానంటే ఈలు పంపనేదు.”

దానయ్య ఆ ఉదయమే పోయాడు.

“నీ మొగుణ్ణి నువ్వెందుకు కొట్టేవు?”

“ఒలమ్మ! నా మొగుణ్ణి నానెందుకు కొడతాను? నాను కొట్టింది దాన్ని. మొగవు లేదు దానికి. పిండిముద్ద నాగ నున్నగుంది. కళ్ళున్నాయి గానీ, అతికించినట్టున్నాయి. అది సెయ్యి సాపింది. నా మొగుణ్ణి దాని దగ్గరికి పోనియ్యకండి బావూ.”

భానోజీరావు బయటికి వచ్చి చాలాసేపు మెట్ల మీద నిలబడ్డాడు. మతి తప్పిన మనిషి మాటలని తోసివేయడానికి వీలు లేదు. అంతకు ముందు పట్టుబడిన ఇద్దరూ ఇదే చెప్పారు. ఆ ముఖాన్ని ఒకడు ‘అట్ట’ అన్నాడు, మరొకడు ‘పళ్ళెం’ అన్నాడు.

ఆ మధ్యాహ్నమే మనుషులను ఖాళీ చేయించి, షెడ్డును మళ్ళీ పరీక్షించాడు. పద్ధతి మండలి స్థాపించిన నాటిది. నేలను గళ్ళుగా విభజించి, ప్రతి గడిలోనూ లైటు మీటరును వెల్లకిలా పడుకోబెట్టి, పైకి చూసే దాని కంటి మీద ఎంత వెలుగు పడుతున్నదో చదవాలి. చదివాడు. చాలినంత వెలుగు. ఏ గడికీ మరో గడికీ తేడా లేదు. మిరుమిట్లు లేవు. అదురు లేదు. ఆయన ఉద్యోగ జీవితంలో అంత నిష్కళంకమైన అంకెలను చూడలేదు. మోకాళ్ళ మీద వంగి, కడిగినా పూర్తిగా పోని దానయ్య నెత్తుటి మరక పక్కన మీటరును పెట్టి ఆయన చదివిన అంకె కూడా నిష్కళంకమే.

*

“తాగి ఉంటుంది నాన్నా,” అన్నది ఇందుమతి, కంచంలోకి పులుసు వంచుకుంటూ.

“పరీక్ష చేశారు. తాగలేదు.”

“అయితే మొగుడి మీద పాత కక్ష. రేవులో కత్తిపోట్లు నా పూతతోనే పుట్టాయా? చిన్నప్పుడు నువ్వు చెప్పిన కథల్లో సగం కత్తిపోట్లే కదా!”

“ఆ కథల్లో పొడిచినవాడికి తాను ఎవణ్ణి పొడిచాడో తెలుసు.”

ఇందుమతి మాట్లాడలేదు. పడమటి కిటికీలోంచి సాయంకాలపు ఎండ ఆమె ఒక చెంప మీద పడుతున్నది. రెండవ చెంప నీడలో ఉన్నది. ఆ నీడ అంచున, పెదవి మూల చిన్న గుంట ఒకటి బిగుసుకోవడం భానోజీరావు చూశాడు. చేతిలోని ముద్ద కంచంలో జారవిడిచాడు.

“ఇందూ, నీకు కోపం వచ్చిందని నాకు ఎలా తెలిసింది?”

“నా గొంతు వినే.”

“నువ్వింకా మాట్లాడలేదు.”

ఆయన ఎంగిలి చెయ్యి కడుక్కోకుండానే లేచి, సంచిలోంచి మీటరు తీసి, నిలువుగా పట్టి ఆమె చెంపకు ఆనించాడు. తరువాత రెండవ చెంపకు, ఆపై గడ్డం కింద, నుదుటి మీద. నాలుగు చోట్లా నాలుగు అంకెలు వచ్చాయి.

“మెతుకులు, నాన్నా! నా ముఖం నిండా మెతుకులు,” అని ఆమె నవ్వబోయి, తండ్రి కళ్ళు చూసి ఆగిపోయింది.

“మనం నేలను కొలిచాం ఇందూ. ప్రతిసారీ నేలనే కొలిచాం. నేల మీద ఎవరి ముఖమూ ఉండదు.”

ఆమె తెలివైనది; మరో వాక్యం అవసరం లేకపోయింది. కంటి గుంట, ముక్కు పక్క వాలు, పెదవి కింద మడత, ఇవన్నీ నీడ గీసే గీతలు. సూర్యుడు గానీ దీపం గానీ ఏదో ఒక దిక్కు నుంచి వెలిగించడం వల్లనే మనిషి ముఖం మనిషి ముఖంగా కనిపిస్తున్నది. నాలుగు పక్కలా ఒకే అంకె ఉన్నచోట ముఖం చెరిగిపోతుంది. మొదట ఆ మనిషి ఎవరో తెలియదు. కొంతసేపటికి అది మనిషేనన్న సంగతి కూడా తెలియదు.

“కానీ ప్రయోగశాలలో మేం నెలల తరబడి ఆ వెలుగులోనే పని చేశాం,” అన్నది ఆమె, తనతో తానే వాదించుకుంటూ. “మాకేమీ కాలేదు. మేమంతా ఎప్పుడూ...”

“మాట్లాడుకుంటూనే ఉంటారు.”

ఇందుమతి ముఖం నుంచి మెతుకులు తుడుచుకోలేదు.

*

మరునాడు ప్రయోగశాలలో, సమప్రభ పూసిన గదిలో తండ్రీకూతుళ్ళు ఎదురెదురుగా కూర్చున్నారు. ఒప్పందం ప్రకారం ఇద్దరూ పెదవి విప్పరాదు. ఇద్దరూ ఒకే రకపు తెల్లకోట్లు తొడుక్కున్నారు. బయట యంత్రాల హోరు చెవులను నింపుతున్నది.

ఇందుమతి మొదట తండ్రిని పరిశీలనగా, ఆపై విసుగుగా చూసింది. కొంతసేపటికి ఆమె కుర్చీ వెనక్కి జరిగింది. ఎదుట ఉన్నది రెప్ప వాల్చినప్పుడల్లా ఆమె ఉలిక్కిపడింది. దాని నోరు ఉండవలసిన చోట ఏదో కదిలినప్పుడు ఆమె బల్ల మీది గాజుకుప్పెను మెడ పట్టి అందుకుని, అంచుకేసి బద్దలు కొట్టి, కోసుగా విరిగిన ముక్కతో మీదికి దూకింది. గాజు ఆయన చెవి తమ్మెను చీల్చుకుంటూ పోయింది.

“ఇందూ!”

ఆ ఒక్క పిలుపుతో పిండిముద్దలో తండ్రి పుట్టుకొచ్చాడు. ఆమె గాజును పారవేసి, గోడ దగ్గర కూలబడింది.

“ఏం చూశావమ్మా?” అని కోటు అంచుతో నెత్తురు అదుముకుంటూ ఆయన అడిగాడు.

“చెప్పను,” అన్నది ఆమె. “ఎప్పటికీ అడగకు.”

*

మండలి అధ్యక్షుడు ధర్మాల విశ్వపతి, భానోజీరావు చెవికి కట్టిన కట్టును మర్యాదగా చూడనట్టే ఉండిపోయాడు. నీలరేవు గంగమ్మ జాతర ఆ వారాంతమే. రేవు రోడ్డుకూ జాతర మైదానానికీ, వాటిని కప్పిన పందిళ్ళతో సహా, సమప్రభ పూయడం పూర్తయింది; అమ్మవారి ఘటం కదిలే వేళకు దానిని వెలిగించాలని నిర్ణయమైంది.

“భానోజీరావు గారూ, మీరు సంతకం చేసిన వెలుగు ఇది,” అన్నాడు విశ్వపతి.

“అవును. ఆ సంతకం తప్పు. ఆ మైదానంలో ఊరంతా ఉంటుంది. పిల్లలుంటారు. డప్పుల మోతలో ఎవరి గొంతూ ఎవరికీ వినిపించదు. ఒక్క కత్తిపోటు చాలు, తొక్కిసలాటకూ ఊచకోతకూ తేడా ఉండదు.”

“మీరు చెప్పే దోషానికి మన ప్రమాణాలలో పేరు లేదు, కొలత లేదు. ఏ హద్దు దాటితే ప్రమాదమో మీకే తెలియదు. మీ అమ్మాయి తన పరిశోధన గురించి బెంగతో ఉన్నారు; ఆమె బెదిరిపోవడం సాక్ష్యం కాదు. నేను ఏ ఆధారంతో ఆపమంటారు?”

“మనిషి ముఖమే కొలమానం. బెంగ లేనివాణ్ణి, నా మీద ఈగ వాలనివ్వనివాణ్ణి నా ఎదుట కూర్చోబెట్టండి. షెడ్డులోనే. మీరే చూడండి.”

“ఎవరు?”

“నా తమ్ముడు ఎల్లాజీ.”

విశ్వపతి కొంత ఆలోచించాడు. ఆయన దుర్మార్గుడు కాడు, నియమాల మనిషి. “అలాగే. కానీ మీరు నోరు విప్పిన క్షణాన పరీక్ష చెల్లదు. జాతరలో ఎవరి గొంతూ వినిపించదన్న వాదన మీదే కదా.”

భానోజీరావు తల ఊపాడు. వాదన తనదే. తప్పించుకునే దారి లేదు.

ఇందుమతి మాత్రం ఒప్పుకోలేదు. ఆయన కాలరు కింద మైకు పెట్టించింది; పిలుపు వినిపించగానే స్విచ్చి లాగుతానన్నది. “భయం వేస్తే చిన్నాన్నను పేరు పెట్టి పిలువు. పరీక్ష పోతే పోనీ. పిలుస్తానని మాట ఇవ్వు.”

“పిలుస్తాను.”

“నా మీద ఒట్టు?”

“నీ మీద ఒట్టెందుకు? ఇంజనీరు మాట చాలదా?” అని ఆయన నవ్వాడు. ఆమె నవ్వలేదు.

*

షెడ్డు తలుపుల దగ్గర ఎల్లాజీ తెల్లకోటు తొడుక్కుంటూ, చంకల దగ్గర పట్టడం లేదని తిట్టుకుంటున్నాడు. బస్తా ఐసును ఒంటిచేత్తో ఎత్తే మనిషి.

“ఏటే గుంటా, నన్ను కాంపౌండర్ని సేసీసినావు! ఈ గౌనేసుకుని పాట పాడితే రేపు నాకెవుడు కడతాడు ఖరీదు?”

“కొంచెంసేపే చిన్నాన్నా. లోపల కూర్చో. ఎవరో ఒకాయన వస్తాడు. తువ్వాలు కింద చెయ్యి కలిపి బయటికొచ్చెయ్.”

నీలరేవులో పెద్ద బేరాలు కేకలతో తెగవు. కొనేవాడూ అమ్మేవాడూ ఒక తువ్వాలు కింద చేతులు కలిపి, వేళ్ళు నొక్కి ఖరీదు చెప్పుకుంటారు. పక్కవాడికి తెలియదు, అబద్ధమాడితే చెయ్యే చెబుతుందని రేవు నమ్మకం. ఆ మర్యాదను పరీక్షకు ఎంచుకున్నది భానోజీరావు. అంతకంటే సౌమ్యమైన చేష్ట ఆయనకు తోచలేదు. ఏ ముఖమూ లేనిచోట తమ్ముడి చెయ్యి తన చెయ్యిని గుర్తుపడుతుందని కూడా ఆయన మనసులో ఆశ ఉండి ఉండవచ్చు.

“సేపల్లేకుండా బేరవేటి? దేనికి కట్టాలి?”

“ఏమో, వచ్చినాయన్ని చూసి కట్టు.”

“అలగైతే అగ్గవకే కడతాను,” అని నవ్వుతూ ఎల్లాజీ లోపలికి వెళ్ళాడు.

తలుపులు మూశారు. వేలంపాటల కేకలను రికార్డు చేసి, లోపల పెద్ద మోతతో వినిపించారు. బయటి గదిలో తెర ముందు విశ్వపతి, స్విచ్చి దగ్గర ఇందుమతి. తెర మీద తెల్లని శూన్యంలో ఒక తెల్లని ఆకారం కూర్చుని ఉన్నది. అరగంట గడిచేసరికి ఆ ఆకారం కాళ్ళు కదపడం, తల అటూ ఇటూ తిప్పడం మొదలుపెట్టింది.

రెండవ తలుపు నుంచి రెండవ ఆకారం ప్రవేశించింది. మెల్లగా నడిచింది. దాని కుడి చేతి మీద తువ్వాలు కప్పి ఉన్నది.

అప్పుడు తెలిసింది ఇందుమతికి. వంద మంది మధ్య స్నేహానికి గుర్తయిన చేష్ట, ముఖం లేనివాడు చేసినప్పుడు ఏమవుతుందో. గుడ్డ కింద దాచిన చెయ్యి. ఆమె గొంతులో కేక పుట్టేలోగా ఎల్లాజీ లేచాడు.

మొదటి దెబ్బకు వచ్చినవాడు వెనక్కి తూలాడు. అయినా గుడ్డ కప్పిన చెయ్యి చాచే ఉంచాడు. రెండవ దెబ్బ ఆ చేతి మీద పడింది. మైకులో ఎముక విరిగిన చప్పుడు స్పష్టంగా వినిపించింది. తరువాత రెండు ఆకారాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి నేల మీద పడ్డాయి. తెల్లకోట్లు. తెల్లని నేల. నీడ లేదు. పైన ఉన్నది ఎవరో, కింద ఉన్నది ఎవరో ఇందుమతికి తెలియలేదు. తన జీవితంలోని ఉత్తమ సంవత్సరాలు వెచ్చించి ఆమె సృష్టించిన వెలుగులో ఆమె తండ్రి ఎక్కడ ఉన్నాడో ఆమెకే కనిపించలేదు.

“పిలువు నాన్నా,” అన్నది ఆమె తెరతో. “పిలుస్తానన్నావు కదా!”

మైకులో రెండు ఊపిరులు. ఒకటి బుసకొడుతున్నది. ఒకటి పళ్ళ మధ్య బిగబట్టినది. మాట లేదు. ఐసుపెట్టె అంచుకు ఏదో గట్టిగా తగిలిన చప్పుడు. మళ్ళీ తగిలింది. తెల్లదనంలో ఒక ఎర్రని మచ్చ పుట్టి పెరిగింది. ఇంకా పిలుపు రాలేదంటే పైన ఉన్నది నాన్నేనేమో, గెలుస్తున్నాడేమో అని ఒక్క క్షణం ఆమె మనసు ఆమెను మోసగించింది. ఆ క్షణంలో ఐసుపెట్టె చప్పుడు మళ్ళీ వినిపించింది.

“ఆపండి!” అని విశ్వపతి లేచి అరిచాడు. “చాలు! ఆపెయ్యండమ్మా!”

ఆమె స్విచ్చి లాగింది. షెడ్డు నల్లబడింది. పాటల మోత ఆగింది. సిబ్బంది సముద్రం వైపు పెద్ద షట్టరును ఎత్తగానే ఉదయపు ఎండ ఒక పక్క నుంచి, ఏటవాలుగా లోపలికి వచ్చింది.

*

ఇందుమతి పరుగెత్తుకుని వెళ్ళేసరికి ఎల్లాజీ నేల మీద కూర్చుని, అన్న తలను ఒడిలో పెట్టుకుని ఉన్నాడు. భానోజీరావు విరిగిన చెయ్యి తువ్వాలు కిందనే ఉన్నది. పెదవులు గట్టిగా మూసి ఉన్నాయి. అంత దెబ్బలోనూ ఆయన ఆ పెదవులను ఎలా బిగబట్టి ఉంచాడో ఆమెకు అర్థమయింది. ఒక్క పిలుపు పిలిచి ఉంటే తాను బతికేవాడు, వారాంతాన జాతర వెలిగేది.

గుమ్మం దగ్గర విశ్వపతి ఎవరికో ఫోనులో చెబుతున్నాడు. “మైదానంలో... రోడ్డు మీద... మొత్తం. తీగలు కోసెయ్యండి. నా ఆజ్ఞ. కాగితం తరువాత.”

ఎల్లాజీ తల ఎత్తాడు. పిడికిళ్ళ మీద చర్మం చీలి ఉన్నది. అతడు షెడ్డు మూలమూలలా వెతికి చూశాడు.

“గుంటా,” అన్నాడు బొంగురుగా, “అదెటెల్లింది? సగం సంపీసినాను దాన్ని. అంతలో దీపం ఆర్పీసినారు. సూసీసరికి అన్నయ్య ఈడున్నాడు. ఎప్పుడొచ్చినాడు ఈడికి? అది అన్నయ్యనేటి సేసింది?”

ఇందుమతి మోకాళ్ళ మీద కూర్చుంది.

“సెప్పవేటి? మా అన్నయ్యని సంపినోడు ఎవుడు?”

నెత్తురంటిన అతడి చేతులు అతడి ఎదుటే ఉన్నాయి. ఇంకొక్క క్షణం మౌనంగా ఉంటే అతడు వాటి వైపు చూస్తాడు. ఆమె వాటికీ అతడి కళ్ళకూ మధ్య తన ముఖాన్ని ఉంచి, ఎండ వైపు తిప్పింది.

“నేను, చిన్నాన్నా. నేనే.”

ఎల్లాజీ పిడికిలి లేచింది. ఆమె కదలలేదు, కళ్ళు మూసుకోలేదు. పక్క నుంచి పడుతున్న ఎండలో ఆమె కంటి కింద గుంట, ముక్కు పక్క వాలు, వణుకుతున్న పెదవి మూల, అన్నీ అతడికి కనిపించాయి. పైకెత్తిన చెయ్యి అక్కడే ఆగిపోయి, కొంతసేపటికి విచ్చుకుని, ఆమె తల మీద వాలింది.